పాలబండి ఎయిర్ ఫిల్టరు – ఎప్పుడు శుభ్రపరచాలి? ఎప్పుడు మార్చాలి?

(ఒక సహకార ఇన్‌స్పెక్టరు, తెనాలి)

మన పత్రికలో పచ్చిమేత గురించి, పొదుగువాపు గురించి, వెన్న శాతం గురించి వ్యాసాలు వస్తూ ఉంటాయి. మోటారు సైకిలు ఎయిర్ ఫిల్టరు గురించి వ్యాసమేమిటని సభ్యులు కొందరు ఆశ్చర్యపోవచ్చును. కాని ఒక్క మాట ఆలోచించండి. గేదె ఎంత మంచి పాలు ఇచ్చినా, సంఘంలో పరీక్ష ఎంత సక్రమంగా జరిగినా, ఆ పాలు వేళకు శీతలీకరణ కేంద్రం చేరకపోతే మన కష్టమంతా వృథా. ఒకప్పుడు క్యాన్లు ఎడ్లబండి మీద, సైకిలు మీద వెళ్ళేవి. 1980లో టి.వి.ఎస్. 50, 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చిన తరువాత క్రమంగా పాల రవాణా మోటారు బండ్ల మీదకు మారింది. ఈనాడు చాలా గ్రామాలలో పాలు నడిచేది ఆ రెండు చక్రాల మీదనే. అందుచేత ఆ బండి ఊపిరి తీసుకునే చోటు గురించి తెలుసుకొనుట పాడి రైతుకు సంబంధం లేని విషయం కాదు.

ఒక తగాదా – ఒక నోటుపుస్తకం

కొలకలూరు పరిసరాలలో ఒక సంఘంలో కొన్నేళ్ళ క్రితం జరిగిన సంగతి చెబుతాను. శివరాత్రి వెళ్ళిన తరువాతి రోజులు. సాయంత్రం పాలు రెండు క్యాన్లు, అంటే 80 లీటర్లు, బండికి తగిలించుకొని ఒక యువకుడు శీతలీకరణ కేంద్రానికి బయలుదేరాడు. కాలువ వంతెన ఎక్కే చోట బండి ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. ఎంత కిక్కు కొట్టినా అందుకోలేదు. మరొక బండి దొరికి పాలు చేరేసరికి రెండు గంటలకు పైగా ఆలస్యమైంది. కేంద్రంలో వేడి చేసి చూస్తే పాలు విరిగినవి. రెండు క్యాన్లూ వాపసు వచ్చినవి.

మరునాడు సంఘంలో గొడవ. "మేము మంచి పాలు పోశాము, మా డబ్బు మాకు ఇవ్వాలి" అని ఉత్పత్తిదారులు. "బండి ఆగితే నేనేం చేసేదండీ" అని ఆ యువకుడు. ఎవరో నీళ్ళ పాలు పోసి ఉంటారని మరికొందరు. తగాదా తేల్చమని అధ్యక్షుడు నన్ను పిలిపించారు.

నాకు యంత్రాల చదువు లేదు. నేను చదివినది సహకారంలో డిప్లొమా. నాకు చేతనైనది పుస్తకాలు చూడడం. ఆ యువకుడు పెట్రోలు లెక్క రాసే నోటుపుస్తకం తెప్పించి చూశాను. అదే దారి, అదే బరువు, రోజుకు 40 కిలోమీటర్లు. సంక్రాంతికి ముందు లీటరుకు 48 కిలోమీటర్లు వచ్చిన బండి, శివరాత్రి నాటికి 42కు దిగింది. కేంద్రంలో క్యాన్లు దింపిన వేళ చూస్తే, వారం వారం రెండేసి నిమిషాలు వెనక్కు జరుగుతూ వచ్చింది. అంటే బండి ఆ సాయంత్రం హఠాత్తుగా ఆగలేదు. రెండు నెలలుగా చెబుతూనే ఉంది, ఎవరూ వినలేదు.

మెకానిక్కును పిలిచి ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పించాము. లోపల నల్లరేగడి దుమ్ము, వరి పొట్టు, వాటితో గట్టిపడిన స్పాంజి. ప్లగ్గు బొగ్గులాగా నల్లబడి ఉన్నది. "బండి నడుస్తానే ఉంది గదండీ, విప్పడం దేనికని ఊరుకున్నానండీ" అన్నాడు ఆ యువకుడు తల వంచుకొని. అతనిని తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. విప్పి చూడమని అతనికి ఎవరు చెప్పారు గనుక?

పాలు పోసినవారికి పూర్తి డబ్బు చెల్లించాలని, నష్టంలో సగం సంఘం, సగం ఆ యువకుడు భరించాలని పాలకవర్గం తీర్మానించింది. అతని వాటా అనేక రోజుల కూలి. కొత్త స్పాంజి ఖరీదు అందులో చిన్న భాగం కూడా కాదు.

ఇంజను ఎంత గాలి తాగుతుంది?

ఇంజను తాగేది పెట్రోలు ఒక్కటే అనుకుంటాము. నిజానికి అది పెట్రోలు కన్నా గాలినే ఎక్కువగా తీసుకుంటుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో ఉంటుంది. ఆ లెక్కన ఒక లీటరు పెట్రోలుకు 11 కిలోల గాలి. కొలతలో చెబితే 9,000 లీటర్లకు పైగా. మన 40 లీటర్ల క్యాన్లతో కొలిస్తే సుమారు 225 క్యాన్ల గాలి! లీటరు పెట్రోలు మండినప్పుడల్లా ఇంత గాలి ఆ చిన్న ఫిల్టరు గుండా దూరి వెళ్ళవలసిందే.

సంఘంలో పాలను గుడ్డతో వడకట్టకుండా క్యానులో పోయనిస్తామా? ఎయిర్ ఫిల్టరు కూడా అటువంటి వడపోత గుడ్డే. గుడ్డ మూసుకుపోతే పాలు దిగవు. గుడ్డ చిరిగితే పాలు బాగానే దిగుతాయి గాని చెత్త కూడా దిగుతుంది. ఫిల్టరుకు వచ్చే జబ్బులూ ఈ రెండే. వీటిని వేరువేరుగా తెలుసుకోవలెను.

మూసుకుపోయిన ఫిల్టరు

గాలి చాలకపోతే కార్బొరేటరు ఉన్న బండిలో పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. చలికాలం ఉదయం చోక్ లాగి బండి తీస్తాము గదా, చోక్ చేసే పని గాలిని తగ్గించడమే. ఫిల్టరు మూసుకుపోయిన బండి రోజంతా చోక్ లాగి నడుపుతున్న బండితో సమానం. పెట్రోలు సరిగా మండక నల్లపొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, బరువుతో ఎత్తు ఎక్కలేదు, మైలేజీ పడిపోతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోకి వచ్చిన తరువాత తయారైన బండ్లలో సాధారణంగా కార్బొరేటరుకు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది. ఇందులో గాలి తగ్గితే పెట్రోలును కూడా బండి తనంతట తానే తగ్గించుకుంటుంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వారు 2009లో కార్ల మీద పరీక్షలు జరిపి ఇదే గమనించారు. ఇంజెక్షన్ కార్లలో ఫిల్టరు మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంత తగ్గలేదు. ఊపు మాత్రం తగ్గింది. పాత కార్బొరేటరు కారులో మైలేజీ కూడా తగ్గింది. అవి కార్లే అయినా సూత్రం ఒక్కటే. కాబట్టి కొత్త బండి గలవారు "మైలేజీ బాగానే ఉన్నది, ఫిల్టరు బాగానే ఉన్నట్టే" అని అనుకోరాదు. పాత బండి నోటుపుస్తకంలో చెప్పినంత స్పష్టంగా కొత్త బండి చెప్పదు. డబ్బా విప్పి చూడవలసిందే.

చిరిగిన ఫిల్టరు

ఇది మరింత ప్రమాదకరం. ఎందుకంటే బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది. చిన్న చిరుగు గుండా, లేదా సరిగా కూర్చోని రబ్బరు అంచు గుండా దుమ్ము నేరుగా సిలిండరులోకి పోతుంది. ఇసుకలోని స్ఫటికం పోత ఇనుము కన్నా గట్టిది. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు; మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పిస్టన్ రింగులను అరగదీసేది 5 నుండి 20 మైక్రాన్ల దుమ్ము, అంటే కంటికి కనిపించనిది. అది నూనెతో కలిసి సానరాతి ముద్దలాగా పనిచేస్తుంది. కొన్నాళ్ళకు సైలెన్సరు నుండి నీలిపొగ వస్తుంది, ఇంజను ఆయిలు తరిగిపోతుంది. నల్లపొగకు మందు ఫిల్టరు. నీలిపొగ వచ్చిన తరువాత ఫిల్టరు మార్చినా ప్రయోజనం లేదు. బోరు, పిస్టను పని పడుతుంది.

ఈ పాఠం నేను నా సొంత డబ్బుతో నేర్చుకున్నాను. మా తగాదా ఊరి నుండి వచ్చిన ఉత్సాహంలో, నా బండి ఫిల్టరును నేనే శుభ్రపరచబూనాను. అది కాగితపు ఫిల్టరు. దానిని పెట్రోలులో కడిగి, ఎండలో ఆరబెట్టి, స్పాంజికి రాసినట్టు కాస్త ఆయిలు కూడా రాసి బిగించాను. కాగితం మడతలు ఒకచోట జిగురు వదిలిన సంగతి నేను చూడలేదు. రేపల్లె వైపు, బాపట్ల వైపు ఇసుక దారులలో ఆ వేసవంతా తిరిగాను. వర్షాలు పడేనాటికి నీలిపొగ మొదలైంది. బోరింగు చేయించి కొత్త పిస్టను వేయించవలసి వచ్చింది. ఒక ఫిల్టరు ఖరీదు మిగుల్చుకొనబోయి ఎన్నో ఫిల్టర్ల ఖరీదు పోగొట్టుకున్నాను. తప్పు బండిది కాదు, మెకానిక్కుది కాదు, నాదే.

మీ బండిలో ఉన్నది ఏ రకం?

శుభ్రపరచుటకు ముందు రకం తెలుసుకోవలెను. సాధారణంగా మూడు రకాలు.

1. స్పాంజి ఫిల్టరు: పాత బండ్లలోను, కొన్ని చిన్న బండ్లలోను ఉంటుంది. దీనిని కడగవచ్చును. సబ్బునీళ్ళలో ముంచి మెల్లగా నొక్కాలి. బట్టలు పిండినట్లు మెలి తిప్పరాదు. మంచినీళ్ళలో జాడించి నీడన పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత బండి పుస్తకంలో చెప్పిన ఆయిలులో తడిపి, అదనపు ఆయిలు నొక్కి తీసివేయాలి. దుమ్మును పట్టి ఆపేది ఆ ఆయిలే. పెట్రోలుతో కడగరాదు, స్పాంజి జిగురు చెడుతుంది, నిప్పు ప్రమాదం కూడా. వేలితో నొక్కితే పొడి రాలినా, గట్టిపడినా, చిరిగినా పారవేయాలి.

2. పొడి కాగితపు ఫిల్టరు: తెల్లగానో లేత పసుపుగానో మడతలు మడతలుగా ఉంటుంది, ముట్టుకుంటే చేతికి జిడ్డు అంటదు. నీళ్ళు, పెట్రోలు, ఆయిలు ఏదీ తగలరాదు. మెత్తగా తట్టి దుమ్ము దులపాలి. గాలి కొట్టదలిస్తే తక్కువ ఒత్తిడితో, జానెడు దూరం నుండి, శుభ్రంగా ఉన్న వైపు నుండి మురికి వైపుకు కొట్టాలి. టైర్ల షాపు గాలిపైపు నేరుగా ఆనించి కొడితే మడతలు చిల్లులు పడతాయి.

3. జిడ్డు కాగితపు ఫిల్టరు: ఈ కాలపు బండ్లు చాలావాటిలో ఇదే. కంపెనీలోనే కాగితానికి ఒక రకం నూనె పట్టించి ఉంటుంది. ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది. దీనిని కడగరాదు, గాలి కొట్టరాదు, దులపరాదు. చూసి, వేళకు మార్చడమే.

ఎన్నాళ్ళకొకసారి?

ముందుగా మీ బండితో ఇచ్చిన పుస్తకం చూడండి. జిడ్డు కాగితపు ఫిల్టరుకు చాలా పుస్తకాలు 12,000 నుండి 16,000 కిలోమీటర్ల మధ్య ఒక సంఖ్య చెబుతాయి. కాని ఆ పుస్తకంలోనే దుమ్ము ప్రాంతాలలో ఇంకా ముందుగా మార్చవలెనని కూడా రాసి ఉంటుంది. ఆ రెండవ వాక్యమే మనకు ముఖ్యమైనది.

గుడికి, సంతకు వెళ్ళే బండి నెలకు 300 కిలోమీటర్లు తిరిగితే, పాలబండి రోజుకు 40 చొప్పున నెలకు 1,200, ఏడాదికి 14,400 తిరుగుతుంది. ఇద్దరికీ "ఏడాదికొకసారి" అనే సలహా పనికిరాదు. అలాగే తారు రోడ్డు మీద 1,000 కిలోమీటర్లు, డొంక దారిలో ట్రాక్టరు వెనుక 1,000 కిలోమీటర్లు సమానం కావు. కిలోమీటర్లు లెక్కించండి, వాటితో పాటు దుమ్మును కూడా లెక్కించండి.

మన ప్రాంతంలో దుమ్ముకు ఒక పంచాంగం ఉన్నది. వర్షాలు పడి కాలువలకు నీరు వచ్చిన తరువాత అక్టోబరు దాకా దుమ్ము తక్కువ, బురద ఎక్కువ. నవంబరు నుండి జనవరి వరకు వరి కోతలు, నూర్పిళ్ళు. పొట్టు, ధూళి గాలిలోనే ఉంటాయి. తరువాత మినుము నూర్పిళ్ళు, దుగ్గిరాల చుట్టుపక్కల పసుపు ఎండబెట్టి మెరుగుపెట్టే పనులు. మార్చి నుండి మే వరకు మొక్కజొన్న, జొన్న కోతలు. కాలువలు కట్టివేసి, చేలు బీటలు వారి, మట్టి ట్రాక్టర్లు తిరిగే రోజులు. ఏడాదిలో ఫిల్టరుకు గడ్డుకాలం ఇదే.

దీనినిబట్టి రోజూ పాలు మోసే బండికి నేను చెప్పే లెక్క ఇది. పాల బిల్లు 15 రోజులకొకసారి వస్తుంది గదా. వర్షాకాలంలో రెండు బిల్లులకు ఒకసారి, దుమ్ము నెలలలో ప్రతి బిల్లుకు ఒకసారి ఫిల్టరు డబ్బా విప్పి చూడండి. స్పాంజి అయితే మామూలు రోజులలో సుమారు 2,000 కిలోమీటర్లకు, దుమ్ము రోజులలో 1,000కి కడగండి. పొడి కాగితం అయితే మురికి కనిపించినప్పుడు దులపండి; పుస్తకంలో చెప్పిన దూరానికి సగంలోనే మార్చండి. జిడ్డు కాగితం అయితే దులపకుండా, సగం దూరానికే మార్చండి. ఏడాదికొకసారి మార్చే అలవాటున్న పాలబండివారు ఏరువాకకు ముందు మార్చడం కన్నా దసరాకు మారిస్తే మేలు. కొత్త ఫిల్టరుతో కోతల కాలంలో అడుగు పెట్టవచ్చును. ఎలాగూ ఆ రోజు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తాము. ఆ పూజలో ఫిల్టరు డబ్బా మూత తీసి చూడడం కూడా చేర్చండి. అయితే దుమ్ము నెలలలో మురికి పట్టితే మరుసటి దసరా దాకా ఆగవలదు.

అతి శుభ్రత కూడా తప్పే

ఇది విన్న తరువాత కొందరు రోజూ విప్పి గాలి కొట్టించవచ్చును. అదీ నష్టమే. కాగితం మీద పలుచగా పేరుకున్న దుమ్ము పొర తానే సన్నని దుమ్మును ఆపుతుంది. కొద్దిగా వాడిన ఫిల్టరు సరికొత్తదాని కన్నా బాగా వడకడుతుంది. ఊరికే విప్పినప్పుడల్లా డబ్బాలోని దుమ్ము లోపలి వైపు పడే ప్రమాదమున్నది. చూడడం వేరు, శుభ్రపరచడం వేరు. తరచుగా చూడండి, అవసరమైనప్పుడే చేయి పెట్టండి.

విప్పినప్పుడు చూడవలసినవి

– ఫిల్టరు తీయక ముందే డబ్బా పైన, చుట్టూ తడిగుడ్డతో తుడవండి.
– ఫిల్టరు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. మడతల గుండా సమంగా వెలుతురు రావలెను. ఎక్కడైనా సూదిమొన అంత చుక్క మెరిస్తే అది చిల్లు. ఆ ఫిల్టరు పనికిరాదు.
– ఇంజను వైపు గొట్టం లోపల తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు దుమ్ము అంటితే వడపోత తప్పించుకొని దుమ్ము పోతున్నదని అర్థం.
– రబ్బరు అంచు సరిగా కూర్చున్నదా, మూత స్క్రూలన్నీ ఉన్నవా చూడండి. ఒక స్క్రూ లేని డబ్బా చిరిగిన ఫిల్టరుతో సమానం.
– డబ్బా అడుగున చిన్న గొట్టం ఉంటే, దానిలో చేరిన నీరు, జిడ్డు వదిలివేయండి.
– గడ్డివాము పక్కన నిలిపే బండ్లలో ఎలుకలు డబ్బాలో దూరి ఫిల్టరును కొరకడం కద్దు. అది కూడా గమనించండి.
– ఫిల్టరు లేకుండా ఒక్క రోజు కూడా బండి నడపరాదు. "రేపు తెచ్చి వేద్దాం" అన్న ఆ ఒక్క రోజే ఇంజనుకు చేటు.

వరదలో మునిగిన బండి

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుండి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వెళ్ళినప్పుడు లంక గ్రామాలు నీట మునిగాయి. అటువంటి సమయంలో నీటిలో మునిగిన బండిని బయటకు తీయగానే ఆత్రంగా కిక్కు కొట్టడం, సెల్ఫ్ నొక్కడం చేయరాదు. ఫిల్టరు డబ్బాలోకి నీరు వెళ్ళి ఉంటే ఆ నీటిని ఇంజను పీల్చుకుంటుంది. నీరు గాలిలాగా నలగదు గనుక లోపలి భాగాలు వంగిపోతాయి. మొదట డబ్బా విప్పి చూడాలి. కాగితపు ఫిల్టరు తడిస్తే ఆరబెట్టి వాడరాదు, మార్చవలసిందే. ఇంజను ఆయిలు మార్పించి, మెకానిక్కు చూసిన తరువాతనే బండి తీయాలి.

సంఘాలకు ఒక సూచన

పాలు మోసే బండి వ్యక్తిదే కావచ్చును. దాని మీద ఉన్న పాలు సంఘానివి. కనుక ప్రతి సంఘం రవాణా పుస్తకంలో మూడు గడులు చేర్చుకొనవలెనని నా మనవి: పెట్రోలు పోయించినప్పటి కిలోమీటర్లు, పోయించిన లీటర్లు, ఫిల్టరు చూసిన తేదీ. దీనికి పది నిమిషాల పని కూడా లేదు. ఫిల్టరు ఖరీదును రవాణా ఖర్చులో చేర్చి సంఘమే భరించినా తప్పు లేదు. పైన చెప్పిన బండి విషయమే చూడండి. లీటరుకు 48 నుండి 42కు దిగినందువలన నెలకు మూడున్నర లీటర్ల పెట్రోలు అదనంగా కాలిపోయింది. చాలా చిన్న బండ్లకు అంత డబ్బుతో ఫిల్టరు వచ్చేస్తుంది.

మా తగాదా జరిగిన సంఘంలో ఆ గడులు వెంటనే గీశారు. మరుసటి ఏడాది తనిఖీకి వెళ్ళినప్పుడు పుస్తకం తెరిచి చూశాను. ప్రతి బిల్లు రోజుకు ఎదురుగా ఫిల్టరు చూసిన తేదీ, కింద ఆ యువకుని సంతకం. మైలేజీ 47కు తక్కువ కాలేదు. "మొన్న మొక్కజొన్న రోజుల్లో ఒక స్పాంజి మార్చానండీ, పాతది మీకు చూపిద్దామని దాచి పెట్టాను" అని కాగితంలో చుట్టిన పొట్లం విప్పాడు. నల్లగా, బంకగా, పొట్టుతో నిండి ఉన్నదది. అంత చెత్త పోవలసినది అతని ఇంజనులోకి.

సభ్యులారా, పాలు పోసే ముందు గిన్నె కడిగారా అని అడుగుతాము. ఇక నుండి పాలు ఎక్కించే ముందు నెలకొకసారైనా "ఫిల్టరు చూశావా బాబూ" అని కూడా అడగండి.